గోదావరిఖనిలో స్వాతంత్ర్య యోధులు లేరట!

"మీ వైపు స్వాతంత్ర్యోద్యమం ఎక్కడ జరిగిందండీ? మీరు పోరాడింది నిజాముతో కదా, తెల్లవాడితో కాదుగా?"

ఈ మాట కృష్ణకు దిగువనున్న మిత్రుల నోట నేనెన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అన్నవారిలో దురుద్దేశం ఉందనుకోను. వారికి చీరాల-పేరాల ఉంది, పల్నాటి పుల్లరి ఉంది, రంప మన్యం ఉంది. గుండు ఎదుట రొమ్ము చూపిన ప్రకాశం పంతులు ఉన్నారు. ఆ కథలన్నిటిలోనూ లాఠీ పట్టుకున్న తెల్లదొర స్పష్టంగా కనిపిస్తాడు. మా వైపు కథల్లో ఆ దొర కనిపించడు. దొర కనిపించలేదు గనుక పోరాటమూ లేదని తీర్పు.

దానికన్నా నన్ను ఎక్కువ నొప్పించేది మా ఊరివారే అనే మరొక మాట. "గోదావరిఖని పుట్టిందే 1960ల ఆరంభంలో. స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండు, పదమూడేళ్ళకు పుట్టిన ఊళ్ళో స్వాతంత్ర్య యోధులెలా ఉంటారు సార్?" అని ఒక ఉపాధ్యాయ మిత్రుడు నవ్వుతూనే అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. ఏటా ఆగస్టు 15న ఇక్కడ మైకు ముందు వినిపించే ప్రసంగాల్లో మీరట్ ఉంటుంది, జలియన్‌వాలాబాగ్ ఉంటుంది, దండి ఉంటుంది. కాళ్ళ కింది నేల ఉండదు. ఆటస్థలానికి నెహ్రూ పేరుంది. కాలనీలకు దేశనాయకుల పేర్లున్నాయి. గనులకు మాత్రం అంకెలే: ఎనిమిదో ఇంక్లైన్, పదకొండో ఇంక్లైన్. బొగ్గుపొరలకూ అంకెలే: ఒకటో సీము, మూడో సీము, నాలుగో సీము. పొరకు పేరు పెట్టిన చోటు ఒకటుంది. అది ఇల్లందు-కొత్తగూడెం వైపు. అక్కడి పొరను కింగ్ సీము అంటారు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును కనిపెట్టిన భూగర్భ సర్వే అధికారి డాక్టర్ విలియం కింగ్ పేరు అది. కనిపెట్టినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కవలసిందే, కాదనను. కాని ఆ బొగ్గు ఎవరి చేతుల్లోకి పోయింది, పోతుంటే ఎవరు అడ్డుపడ్డారు అన్న ప్రశ్నలకు ఈ నేల మీద ఒక్క పేరూ మిగలకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పై రెండు మాటలూ తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ టపా. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందుగా రైలు సంగతి. రామగుండం స్టేషనులో నిలబడి ఉత్తరానికి చూస్తే గోదావరి వంతెన, అవతల మంచిర్యాల, బెల్లంపల్లి, ఇంకా పైకి బల్లార్షా, చాందా (ఇప్పటి చంద్రపూర్). ఢిల్లీ, మద్రాసులను నేరుగా కలిపిన కాజీపేట-బల్లార్షా మార్గమిది. 1929 నాటికి పూర్తయింది. అయితే ఈ దారి ఆలోచన అంతకు నలభై అయిదేళ్ళ ముందుది. 1883లో హైదరాబాదు సంస్థానంలో ఒక పథకం కదిలింది. వాడి నుంచి సికింద్రాబాదు దాకా 1874లోనే పడిన రైలుమార్గాన్ని వరంగల్లు వైపుకూ, అక్కడినుంచి చాందా బొగ్గు వైపుకూ పొడిగించాలి. పొడిగించేది లండనులో ఏర్పడే ఒక కంపెనీ. దాని పెట్టుబడికి ఇరవై ఏళ్ళపాటు నూటికి అయిదు వంతున వడ్డీకి నిజాం ఖజానా పూచీ. కంపెనీకి లాభం వచ్చినా రాకపోయినా లండను వాటాదారుకు వడ్డీ అందుతుంది. ఆ వడ్డీ కట్టేది ఎవరయ్యా అంటే తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు.

సాలార్‌జంగ్ ఆ ఏడాది ఫిబ్రవరిలో చనిపోయాడు. ఆరవ నిజాం ఇంకా మైనరు. గట్టిగా అడిగే నాథుడు లేని ఆ సందులో ఒప్పందం నడుస్తుంటే నగరంలో కొందరు చదువుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. హైదరాబాదు కళాశాలకు అధిపతిగా ఉన్న డాక్టర్ అఘోరనాథ ఛటోపాధ్యాయ ఒకరు. ఎడింబరోలో డాక్టరేటు తీసుకొని వచ్చిన బెంగాలీ శాస్త్రవేత్త. సరోజినీ నాయుడు తండ్రి అంటే అందరికీ తెలుస్తుంది. ఆ బిడ్డకు అప్పటికి నాలుగేళ్ళు. మరొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, నిజాం కొలువులోనే ఉద్యోగి. వాళ్ళు బాంబు వేయలేదు, పట్టాలు పీకలేదు. అడిగింది ఒక్కటే. ఒప్పందంలో ఏముందో ప్రజలకు చెప్పండి, చర్చించనివ్వండి, తరువాత సంతకం పెట్టండి అన్నారు.

ఈపాటి మాటకే 1883 మేలో అఘోరనాథుణ్ణి కొలువు నుంచి తొలగించి సంస్థానం పొలిమేర దాటించారు.

చరిత్ర పుస్తకాల్లో దీనిని 'చాందా రైల్వే ఆందోళన' అంటారు. హైదరాబాదు సంస్థానంలో ఆధునిక రాజకీయ ఆందోళనల్లో మొదటిదిగా దీన్నే చెబుతారు. తేదీని మరోసారి గమనించండి. భారత జాతీయ కాంగ్రెసు పుట్టింది 1885లో. అంటే దేశంలో కాంగ్రెసు అనే పేరే లేని రెండేళ్ళ ముందు, మా ఊరి మీదుగా పోవలసిన రైలు కోసం, మా నేల కింది వంటి బొగ్గు కోసం జరుగుతున్న ఒక వలస ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు ఒక మనిషికి దేశబహిష్కారం పడింది. దాదాభాయి నౌరోజీ 'సంపద తరలింపు' అని లెక్కలు కట్టి చెప్పిన విషయాన్నే ఈయన ఒక రైలుమార్గం దగ్గర పట్టుకొని అడిగాడు. నౌరోజీ జాతీయోద్యమ పితామహుడు అవుతాడు, అఘోరనాథుడు 'సరోజిని తండ్రి'గా మిగులుతాడు. ఎందుకని? ఆయన అడిగింది నిజాం ప్రభుత్వాన్ని గనుక!

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ఆందోళన చేసినవాళ్ళు పై తరగతి ఉద్యోగులు, సామాన్య జనానికి దానితో సంబంధం లేదు, అఘోరనాథుడు మళ్ళీ హైదరాబాదు వచ్చి ఉద్యోగం చేసుకున్నాడు కదా అని. నిజమే. ఆయనను నేను విప్లవకారుడిగా నిలబెట్టడం లేదు. కాని మొదటి కాంగ్రెసు సభలకు వచ్చిన వకీళ్ళూ, పత్రికాధిపతులూ ఏ తరగతివారు? వారికి ఒక తూకం, మావారికి ఒక తూకమా?

రైలు తరువాత బొగ్గు. 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు లండను పెద్దమనుషులకు సంస్థానంలో ఖనిజాలు తవ్వుకునే హక్కు దక్కింది. ఆ హక్కుతో ఇంగ్లండులో రిజిస్టరయిన కంపెనీ పేరు హైదరాబాద్ (దక్కన్) కంపెనీ. నిజాం తరఫున బేరమాడిన అధికారి అబ్దుల్ హఖ్, రైలు ఒప్పందంలోనూ చేయి ఉన్నవాడే. ఆ గనుల కంపెనీ వాటాలను తానే లోపాయికారీగా దక్కించుకొని, వాటినే నిజాం ప్రభుత్వం చేత లండను మార్కెట్టు ధరకు కొనిపించాడన్న గొడవ బయటపడింది. ఎంత పెద్ద గొడవంటే 1888లో బ్రిటిష్ కామన్స్ సభ దీని మీద సెలెక్టు కమిటీ వేసి విచారణ జరిపింది. అబ్దుల్ హఖ్ సస్పెండయ్యాడు. హక్కులు మాత్రం కంపెనీ దగ్గరే ఉన్నాయి. 1889లో సింగరేణి గ్రామం దగ్గర బొగ్గు బయటికి రావడం మొదలైంది.

అయిదేళ్ళ క్రితం అఘోరనాథుడు అడిగిన ప్రశ్నలో ఎంత ముందుచూపు ఉందో ఆ విచారణే చెప్పింది. చెప్పినందువల్ల ఆయనకు ఒరిగింది ఏమీ లేదనుకోండి.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాదు చట్టం కింద రిజిస్టరై పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ తీసుకుంది. ఏటా ఆ రోజున 'సింగరేణి డే' జరుపుకుంటాం. మంచిదే. కాని ఆ రోజున బొగ్గు మన చేతికి వచ్చేసిందని పిల్లలకు అనిపించేలా చెప్పడం మంచిది కాదు. కొత్త కంపెనీకి కార్యదర్శులుగా, అమ్మకపు ఏజెంట్లుగా ఉన్నది మద్రాసులోని బెస్ట్ అండ్ కంపెనీ అనే దొరల సంస్థ. హైదరాబాదు ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది 1945లో. రైలునైతే నిజాం ప్రభుత్వం 1930లో కొనేసింది. బొగ్గుకు మరో పదిహేనేళ్ళు పట్టింది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ళ ముందు దాకా ఈ బొగ్గు మీద పెత్తనం తెల్లవాడి వ్యాపారానిదే.

ఇప్పుడు చెప్పండి, మా వైపు తెల్లదొర లేడా? ఉన్నాడు. లాఠీ పట్టుకొని ఎదుట నిలబడలేదు, అంతే. లండనులో కూర్చొని వాటాల కాగితం పట్టుకున్నాడు. లాఠీని మరొకరి చేతికి ఇచ్చాడు.

ఆ మరొకరు నిజాం. 1800లోనే సైన్యసహకార ఒప్పందానికి తల వంచిన రాజ్యం అది. సికింద్రాబాదు, బొల్లారంలలో తెల్లవాడి సైన్యం, కోఠీలో రెసిడెంటు, సైన్యం ఖర్చు కింద 1853లో చేయి జారిన బేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ధనమూ సైన్యమూ ఇచ్చినందుకు ఏడవ నిజాంకు 1918లో దక్కిన బిరుదు 'బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు'. బిరుదు తెల్లవాడే ఇచ్చాడు, నిజాం తన పేరుకు తగిలించుకున్నాడు. ఆ మిత్రుడితో పోరాడినవాడు తెల్లవాడితో పోరాడలేదని వాదించడం, దివాణం గుమాస్తాతో తగువు పడ్డవాడికి దివాణంతో తగువు లేదని చెప్పడం వంటిది.

ఈ మాటకు పాత సాక్ష్యం మా అడవుల్లోనే ఉంది. 1857 తిరుగుబాటు చల్లారిపోయిందనుకున్న తరువాత కూడా నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు పోరు సాగించాడు. గోండులూ, రోహిల్లాలూ కలిసిన ఆ పోరాటంలో ఎదుటి పక్షాన నిజాం బలగమూ కుంఫిణీ బలగమూ ఒక్కటిగానే ఉన్నాయి. 1860లో ఆయనను ఉరి తీశారు. అనుచరులను ఉరి తీసిన మర్రిచెట్టును జనం 'వెయ్యి ఉరుల మర్రి' అని చెప్పుకున్నారు. అప్పటి గోండులకు 'ఇది సంస్థానం సమస్యా, జాతీయ సమస్యా' అనే మీమాంస లేదు. అది తరువాత మనం పెట్టుకున్న మీమాంస.

ఈ మీమాంస ఎంత లోతుగా పాతుకుందో తెలియాలంటే 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' సినిమాను చూస్తే చాలు. కుమురం భీం పోరాడింది జల్, జంగల్, జమీన్ కోసం. నిజాం అటవీ అధికారులతో, పోలీసులతో తలపడి 1940లో జోడేఘాట్ దగ్గర కాల్పుల్లో ప్రాణం విడిచాడు. సినిమాలో ఆయన ఢిల్లీ వెళ్ళి తెల్ల గవర్నరు కోట మీదికి పులులను వదులుతాడు! కల్పిత కథ అని ముందే చెప్పారు, కళాకారుడి స్వేచ్ఛను కాదనే హక్కు నాకు లేదు, పాట కూడా ఆస్కారు దాకా వెళ్ళింది, సంతోషం. కాని గమనించవలసింది ఒకటుంది. అల్లూరిని యోధుడిగా చూపడానికి ఆయన శత్రువును మార్చవలసిన పని లేదు. భీమును దేశానికి యోధుడిగా చూపడానికి మాత్రం నిజాంను తీసేసి తెల్లవాణ్ణి పెట్టవలసి వచ్చింది. జోడేఘాట్‌లో చచ్చిపోయినవాడు ఢిల్లీలో పోరాడితే తప్ప స్వాతంత్ర్య యోధుడు కాలేకపోయాడు. ఆ దర్శకుడు కొత్తగా కనిపెట్టిన కొలత కాదది. మనందరి బుర్రల్లో ముందే ఉన్నది.

"మరి కాంగ్రెసు ఉద్యమం మీ దగ్గర ఎందుకు సాగలేదు?" అని అడుగుతారు. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు ఏం తీర్మానించిందో ఒకసారి గుర్తు చేసుకోండి. సంస్థానాల ప్రజలు తమ పోరాటం తమ సొంత సంఘాల ద్వారా తామే నడుపుకోవాలి, కాంగ్రెసు పేరిట ప్రత్యక్ష చర్య వద్దు అని. సరే, సొంత సంఘం పెట్టుకుందామంటే అదే ఏడు హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును అది ఇంకా పూర్తిగా పుట్టకముందే నిజాం ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1946 దాకా తొలగలేదు. బయటివాళ్ళు మా పేరు వాడవద్దన్నారు. లోపలివాళ్ళు మీ పేరూ వద్దన్నారు. అయినా 1938 అక్టోబరులో సత్యాగ్రహం జరిగింది. ఆర్యసమాజ సత్యాగ్రహమూ జరిగింది. వందేమాతరం పాడినందుకు కళాశాలల నుంచి విద్యార్థులను వెళ్ళగొట్టారు. వారిలో ఒక కుర్రవాడు నాగపూర్ వెళ్ళి చదువుకున్నాడు. 1957 నుంచి ఇరవై ఏళ్ళు గోదావరిఖని పొరుగున ఉన్న మంథనికి శాసనసభ్యుడుగా ఉండి, తరువాత ప్రధానమంత్రి అయ్యాడు. పి.వి.నరసింహారావు పేరు చెప్పగానే ఆర్థిక సంస్కరణలు గుర్తొస్తాయి గాని, 1947-48లో ఆయన చాందా సరిహద్దు శిబిరంలో పనిచేసిన సంగతి ఎంతమందికి గుర్తొస్తుంది?

చాందా! మళ్ళీ అదే ఊరు. 1883లో రైలు ఎక్కడికి వేస్తారని గొడవ జరిగిందో, ఆ చాందాయే 1947లో రజాకార్ల రాజ్యం దాటి పోయినవారికి ఆశ్రయమైంది. దేశమంతా జెండా ఎగరేసిన 1947 ఆగస్టు 15న ఇక్కడ జెండా పట్టుకోవడం నేరం. ఆ రోజునే స్వామి రామానందతీర్థను అరెస్టు చేశారు. 1948 సెప్టెంబరు 17 దాకా, అంటే పదమూడు నెలల పైచిలుకు, మా తాతలకు స్వాతంత్ర్యం గోదావరి అవతల, ఇంకా పైన, పరాయి జిల్లాలో ఉండింది.

ఇక పింఛను కాగితాల దగ్గరికి వద్దాం. నా అసలు కోపం ఇక్కడుంది. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయిన సందర్భంగా 1972లో కేంద్రం స్వాతంత్ర్య యోధుల పింఛను పథకం పెట్టింది. 1980లో దానికి సమ్మాన్ పింఛను అని పేరు మార్చారు. ఎవరు యోధుడు? సాధారణంగా ఆరు నెలలు జైల్లో ఉన్నవాడు. స్త్రీలకూ, దళిత, గిరిజనులకూ మూడు నెలలు. జైలు రికార్డు చూపాలి. అది లేకపోతే తనతో జైల్లో ఉన్నవాడి సాక్ష్యం తేవాలి. అజ్ఞాతంలో ఉంటే వారంటు వంటి కాగితం చూపాలి. డబ్బిచ్చేటప్పుడు ప్రభుత్వానికి ఏదో ఒక ఆధారం కావాలి, ఒప్పుకుంటాను. ఆధారం అడగని చోట ఏమవుతుందో కూడా చూశాం. నిజాం సంస్థానంలో భాగమైన బీడ్ జిల్లాలో బోగస్ యోధుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి 2005లో తీర్పు వచ్చింది. నిజమైనవారి కష్టమూ కోర్టుకెక్కింది. హైదరాబాదు ఆర్యసమాజ సత్యాగ్రహంలో పాల్గొన్నవారు వేసిన ముకుంద్‌లాల్ భండారీ కేసులో, దరఖాస్తు ఆలస్యమైందన్న సాకుతో కాదనకూడదని 1993లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 1938-39లో జైలుకు పోయినవాళ్ళు 1993లో కోర్టు మెట్ల మీద! బతికున్నవాళ్ళ మాట సరే, ఆ యాభై అయిదేళ్ళలో పోయినవాళ్ళ మాటేమిటి?

అయితే పింఛను ఆఫీసుకు కావలసిన నిర్వచనం పింఛను ఆఫీసులోనే ఉండాలి. అది చరిత్ర నిర్వచనం కాకూడదు. మనం చేసింది సరిగ్గా అదే. కాగితం ఉన్నవాణ్ణి యోధుడన్నాం. సభల్లో శాలువా కప్పాం. కాగితం లేనివాణ్ణి ఊరికే ముసలివాడన్నాం.

కరీంనగర్ గడ్డ మీది అనభేరి ప్రభాకరరావును తీసుకోండి. దేశముఖుల ఇంట పుట్టి, దళం కట్టి, ఊరూరా పటేల్ పట్వారీల దస్తరాలు తగలబెట్టించినవాడు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో సింగిరెడ్డి భూపతిరెడ్డితోనూ, ఇతర సహచరులతోనూ కలిసి నేలకొరిగాడు. ఆయన జీవితకార్యమే కాగితాలను కాల్చడం. అప్పు పత్రం, బాకీ చిట్టా, వెట్టి లెక్క కాలిపోతే తప్ప మనిషికి విడుదల లేదని నమ్మినవాడి వెంట నడిచిన పాలేరును పట్టుకొని, 'నీ కాగితమేదీ?' అని అడిగితే ఆ పాలేరు ఏం చెబుతాడు?

ఇక బాయిపని చేసినవాడి సంగతి మరీ ఘోరం. 1940లలో సింగరేణి గనుల్లో కార్మిక సంఘం కట్టడం కూడా సంస్థానంతో తలపడడమే. కవి మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌడ్ వంటివారు సంస్థానమంతా కార్మికోద్యమం నడిపిన కాలమది. కొత్తగూడెంలో ఎర్రజెండా యూనియను కార్యాలయానికి ఈనాటికీ శేషగిరి భవన్ అని పేరు. శేషగిరి ఆనాటి కార్మికనేత. ఆ పేరైనా మిగిలింది. ఆయన వెంట తట్టా చెమ్మస్ పట్టుకొని నడిచినవాడి పేరు ఎక్కడుంది? కూలి పెంచమన్నవాడి పోరు ఆర్థిక పోరాటమనీ, జెండా పట్టినవాడి పోరు స్వాతంత్ర్య పోరాటమనీ విడదీశాం. గని మీద పెత్తనం పరాయివాడి వ్యాపారానిదైనప్పుడు, దానికి కాపలా వాడి మిత్రుడిదైనప్పుడు, కూలి అడగడం స్వాతంత్ర్యం అడగడం కాక మరేమిటి?

నా ఉపాధ్యాయ మిత్రుడికి ఇక్కడే జవాబు. గోదావరిఖని 1960లలో పుట్టింది, నిజం. ఊరు పుట్టింది గాని మనుషులు అప్పుడు పుట్టలేదు కదా! ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి బాయిల్లో పని నేర్చినవాళ్ళు వచ్చారు. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వెట్టి విడిచిన కుటుంబాలు వచ్చాయి. 1961లో పాతికేళ్ళ కుర్రవాడిగా ఇక్కడ మస్టరు పడ్డవాడికి పోలీసు చర్య నాటికి పన్నెండేళ్ళు. వాడి తండ్రికి దొర గడీ తెలుసు, రజాకారు తెలుసు, దళం తెలుసు. ఆ తండ్రులు మొదటి పాలి సైరను విని లేచే కొడుకుల క్వార్టర్ల ముందు నులక మంచాల మీద కూర్చొని ముసలివాళ్ళై పోయారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. కొత్త ఊరు కదా, ఏముంటుందిలే అనుకున్నాం.

సెప్టెంబరు 17 దగ్గరికి వచ్చేసరికి ఇంకో తమాషా. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్నదే గొడవ. విలీనమా, విమోచనా, విద్రోహమా? 2022లో కేంద్రం విమోచన దినమని ఒక మైదానంలో జెండా ఎగరేస్తే, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినోత్సవమని మరో మైదానంలో ఎగరేసింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. పేరు మార్చినవాళ్ళందరికీ ఆ రోజు కావాలి. ఆ రోజు దాకా నడిచిన మనుషులతో పని లేదు. ముఖ్యంగా, హిందువులు ముసల్మానుల నుంచి విముక్తులైన రోజుగా దీన్ని చెప్పేవారికి ఒక్క మాట. 1883లో బెంగాలీ బ్రాహ్మణుడైన అఘోరనాథుడి పక్కన నిలబడినవాడు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. కాంగ్రెసు తొలినాళ్ళలో దాన్ని బహిరంగంగా సమర్థించిన హైదరాబాదీ ముస్లిం ఆయన. 1948 ఆగస్టులో, భారతదేశంలో కలవాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు రజాకార్ల చేతిలో హతుడైనవాడు షోయబుల్లాఖాన్. ఈ పోరాటపు మొదటి పుట మీదా, చివరి పుట మీదా ముస్లిముల పేర్లున్నాయి. వాటిని చింపేసి పుస్తకం చదువుతామంటే ఎలా?

అలాగే ప్రతి తగాదానూ స్వాతంత్ర్య పోరాటమనమని నేను చెప్పడం లేదు. పొలం గట్టు తగాదా పొలం గట్టు తగాదాయే. నేనడిగేది ఇంతే. నేల కిందిది ఎవరిది, దాని మీద ఒప్పందం ఎవరు రాసుకున్నారు, ఆ ఒప్పందాన్ని జనానికి చూపించారా అని అడిగినవాణ్ణి స్వాతంత్ర్య యోధుల వరుసలో నిలబెట్టండి. వాడు అడిగింది రెసిడెంటునా, నిజామునా, గని మేనేజరునా అన్నది తరువాతి సంగతి. ఇంతకూ ఆ ప్రశ్న పాతబడిందా? ఈనాడు సింగరేణిలో 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. 2024 జూన్‌లో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు పేరు వేలం జాబితాలో కనిపించగానే గని గేట్ల దగ్గర మొదలైన మాట ఏమిటి? ఈ బొగ్గు ఎవరిది, ఎవరిని అడిగి ఇస్తున్నారు అనే కదా! అలా అడిగిన కార్మికుడికి 1883 సంగతి తెలియదు. తెలిసి ఉంటే గొంతు ఇంకొంచెం గట్టిగా ఉండేది.

కాబట్టి, విగ్రహాల జోలికి పోకుండా, నాకు తోచిన చిన్న కోరిక. రామగుండం స్టేషను మొదటి ప్లాట్‌ఫారం మీద ఒక రాతిపలక పెట్టండి. ఈ మార్గపు ఒప్పందాన్ని ప్రజలకు చూపమని అడిగినందుకు 1883లో దేశబహిష్కారానికి గురైన అఘోరనాథ ఛటోపాధ్యాయ, ఆయనతో నిలిచిన ముల్లా అబ్దుల్ ఖయ్యూం అని తెలుగులో, ఉర్దూలో, హిందీలో రెండు వాక్యాలు. ఆగస్టు 15 ప్రసంగం రాసుకునే ఉపాధ్యాయులు దండికి వెళ్ళే ముందు ఒక్క నిమిషం చాందాకు వెళ్ళిరండి. దారి మన ఊరి మీదుగానే.

ఈ టపా చదివేవారిలో బొగ్గుబాయి కుటుంబాల పిల్లలు, మనుమలు కొందరైనా ఉంటారు. బెంగుళూరులోనో, డాలస్‌లోనో ఉండి ఉంటారు. మీ ఇంట్లో చాందా శిబిరం మాట విన్న ముసలివారు, దళానికి అన్నం మోసిన ముసలమ్మ ఇంకా ఉంటే ఫోను చేసి అడగండి. పేరు, ఊరు, ఏ ఏడు, ఎవరితో వెళ్ళారు. వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. ముద్రవేసిన కాగితం కావాలని నేను అడగను.